పైథాన్ ఇన్‌స్టాల్ కాకపోతే కుసూర్ ఎవరిది?

మన ఇళ్లల్లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఇది: "అబ్బా, కాలేజీలో పైథాన్ నేర్చుకోమన్నారు." ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ బయటికి వస్తుంది. నెట్‌లోంచి ఫైలు డౌన్‌లోడ్ చేస్తారు. వీడియోలో చెప్పినట్లే టైపు చేస్తారు. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం ప్రత్యక్షమవుతుంది. ఈ హుకుం ఏమిటో నాకు తెలియదు అని దాని అర్థం. మళ్లీ టైపు చేసినా అదే జవాబు. పక్కింటి అబ్బాయి కంప్యూటర్లో మాత్రం అదే పాఠం చక్కగా నడుస్తుంది. సాయంత్రానికి మన పిల్లలు మాయూస్ అయిపోయి, "ఇది నాకు వచ్చే ఇల్మ్ కాదు" అనేస్తారు. ఒక్క లైను ప్రోగ్రామ్ రాయకముందే, దర్వాజా దగ్గరే చదువు ఆగిపోతుంది.

ఈ వ్యాసం ఆ దర్వాజా గురించే. ఆ మొండి జవాబుకు కారణం పిల్లల బుద్ధి కాదు. దాని వెనుక డెబ్బై ఏళ్ల తారీఖ్ ఉంది. ఆ తారీఖ్ తెలిస్తే సగం భయం పోతుందని నా నమ్మకం.

ముతర్జిమ్ ఎందుకు కావలసి వచ్చాడు?

నేను ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. తర్జుమా అంటే ఏమిటో, అందులో ఎంత మెహనత్ ఉందో నాకు బాగా తెలుసు. కంప్యూటర్ల కథ కూడా తర్జుమా కథే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఖలీఫా మామూన్ కాలంలో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ జబాన్‌లోకి వెళ్లి, రూపం మారి, నేటి "అల్గోరిథం" అయ్యింది. ఆయన అల్ జబ్ర్ గ్రంథాన్ని 1145లో స్పెయిన్‌లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. ఆ ఇల్మ్ బాగ్దాద్ దాటి యూరప్ చేరాలంటే మధ్యలో ఒక ముతర్జిమ్ కావలసి వచ్చాడు.

కంప్యూటర్‌కు కూడా అంతే. దానికి తెలిసింది సున్నాలు, ఒకట్లు. మనకు తెలిసింది మాటలు. మధ్యలో నిలబడే ముతర్జిమ్‌నే కంపైలర్ అంటారు. మనుషులు చదవగలిగే రీతిలో రాసింది మొత్తాన్ని ముందే యంత్రం జబాన్‌లోకి మార్చి పెడుతుంది. లైను లైనుగా చదువుతూ అప్పటికప్పుడు పని చేయించే ముతర్జిమ్ కూడా ఉంది, దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. పైథాన్ ఇన్‌స్టాల్ చేయడమంటే ఆ ముతర్జిమ్‌ను మన ఇంటికి పిలిపించి కూర్చోబెట్టడమే.

ఈ పనికి పునాది వేసినవారిలో ఒక మహిళ పేరు ముందు చెప్పుకోవాలి. గ్రేస్ హాపర్ 1952 నాటికి యూనివాక్ కంప్యూటర్ కోసం ఎ-0 అనే వ్యవస్థను తయారు చేసింది. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్‌ను బయటికి తెచ్చింది. కానీ అది ఐబీఎం 704 అనే ఒక్క యంత్రం కోసం తయారైంది. అప్పట్లో ఒక కంపెనీ యంత్రం మాట ఇంకో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. మన హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్. కూడా 1970లలో టి.డి.సి. కంప్యూటర్లను తయారు చేసింది. యంత్రం మారితే రాసిందంతా మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసిందే.

1960 డిసెంబరులో ఒక ముఖ్యమైన పరీక్ష జరిగింది. కోబాల్ జబాన్‌లో రాసిన దాదాపు ఒకే ప్రోగ్రామ్‌ను ఆర్‌సీఏ కంపెనీ యంత్రం మీద, యూనివాక్ యంత్రం మీద నడిపి చూశారు. రెండింటిలోనూ నడిచింది. ఒకసారి రాసింది వేరు వేరు మాలికుల యంత్రాల మీద నడవగలదని అప్పుడు రుజువైంది. ఈ రోజు మన పిల్లలు పడుతున్న తంటాలన్నీ ఆ ఆశకు కొనసాగింపే.

యూనిక్స్ ఇల్లు మారిన కథ

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాడు. 1970ల తొలి సంవత్సరాల్లో ఆయన సహచరుడు డెనిస్ రిచీ సి అనే జబాన్‌ను తయారు చేశాడు. 1973లో యూనిక్స్‌ను దాదాపు మొత్తంగా సి లోనే తిరిగి రాశారు. అంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ యంత్రంతోనే పుట్టి దానితోనే పోయేది. ఇప్పుడు సి తెలిసిన ముతర్జిమ్ ఉంటే చాలు, యూనిక్స్ మొత్తాన్ని వేరే ఇంటికి తీసుకుపోవచ్చు. 1977లో ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ యూనివర్సిటీలోనూ, ఆ సమయంలోనే బెల్ ల్యాబ్స్‌లోనూ ఇంటర్‌డేటా అనే వేరే రకం యంత్రాల మీదికి దాన్ని చేర్చారు.

ఇలా ఇల్లు మార్చినప్పుడు వచ్చే ఒక ముష్కిల్‌కు కంప్యూటర్ వాళ్లు "నక్సీ" అని పేరు పెట్టారు. కొన్ని యంత్రాలు అక్షరాల జతలో చిన్న స్థానాన్ని ముందు చదువుతాయి, కొన్ని పెద్ద స్థానాన్ని ముందు చదువుతాయి. అందుకే యూనిక్స్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొత్త యంత్రంలో తారుమారై నక్సీ అని పడతాయి. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి చదివే మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. తప్పు రాసినవాడిదీ కాదు, చదివినవాడిదీ కాదు. ఇద్దరి రివాజులు వేరు.

సి డ్రైవ్, వెనక్కి వాలిన గీత

ఇక ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ల సంగతి. 1981లో ఐబీఎం పీసీతో పాటు డాస్ వచ్చింది. అప్పట్లో ఎ, బి అనేవి ఫ్లాపీ డ్రైవులు. హార్డ్ డిస్క్ వచ్చాక దానికి సి అనే అక్షరం దక్కింది. ఫ్లాపీలు పోయి ఎన్నో ఏళ్లయినా విండోస్ ఇప్పటికీ సి నుంచే మొదలవుతుంది. తొలి డాస్‌లో ఫోల్డర్లు లేవు. ముందుకు వాలిన గీతను హుకుముల్లో వేరే పనికి వాడేవారు. 1983లో డాస్ రెండో వెర్షన్‌లో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గీత ఖాళీగా లేదు. అందుకని వెనక్కి వాలిన గీతను తీసుకున్నారు. యూనిక్స్ వైపు వాళ్లు మాత్రం ముందుకు వాలిన గీతనే వాడుతున్నారు. ఈ రోజు వీడియో పాఠంలో ఫైలు చిరునామా ఒక రకంగా, మన తెర మీద ఇంకో రకంగా కనిపించడానికి కారణం ఇదే.

"పాత్" అనే మాట పిల్లలను మరీ ఇబ్బంది పెడుతుంది. ఏదైనా హుకుం ఇస్తే ఆ పేరు గల ప్రోగ్రామ్‌ను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా అది. పైథాన్ కంప్యూటర్లో ఉన్నా, దాని చిరునామా ఆ జాబితాలో లేకపోతే మొదట చెప్పుకున్న జవాబే వస్తుంది. మెహమాన్ ఇంట్లోనే ఉన్నాడు, కానీ గుమ్మం దగ్గర ఉన్నవాడి జాబితాలో ఆయన పేరు లేదు! విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి పేజీలో అడుగున పాత్‌కు చేర్చమనే చిన్న గడి ఉంటుంది. మామూలుగా దానికి టిక్కు ఉండదు. ఎంతోమంది పిల్లలు ఆగిపోయేది ఆ ఒక్క టిక్కు దగ్గరే.

లైను ఆఖరున కనిపించని గుర్తు ఇంకొకటి. పాత టెలిటైప్ యంత్రంలో కొత్త లైను మొదలుపెట్టాలంటే రెండు పనులు జరగాలి: అచ్చు కొట్టే భాగం ఎడమ చివరకు రావాలి, కాగితం ఒక లైను పైకి జరగాలి. డాస్, దాని వెనుక వచ్చిన విండోస్ ఆ రెండు గుర్తులనూ ఉంచుకున్నాయి. యూనిక్స్ ఒకటి చాలనుకుంది. అందుకే విండోస్‌లో సేవ్ చేసిన కొన్ని ఫైళ్లు లినక్స్‌లో మొరాయిస్తాయి. ఆ టెలిటైప్‌ను మన పిల్లలు చూసి కూడా ఉండరు, దాని అలవాటు మాత్రం వాళ్లను సతాయిస్తూనే ఉంది.

ఆజాద్ వేరు, ముఫ్త్ వేరు

ఒకప్పుడు ఈ ముతర్జిములను కొనుక్కోవాలి. 1983లో బోర్లాండ్ కంపెనీ టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మితే అది సంచలనం. అంతకుముందు ఇలాంటివి వందల డాలర్లు పలికేవి. అదే 1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. 1987లో ఆయన సి కంపైలర్ బయటికి వచ్చింది. జీసీసీ అని పిలిచే ఆ కంపైలర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దాన్ని రకరకాల యంత్రాలకు చేర్చిన వాళ్లు వచ్చారు. 1991లో పుట్టిన లినక్స్ ఆ కంపైలర్‌తోనే తయారైంది.

దీన్ని ఇంగ్లీషులో "ఫ్రీ" అంటారు. ఆ మాట అమెరికాలో పెద్ద గందరగోళం తెచ్చింది. డబ్బు లేకుండా వచ్చేదా, స్వేచ్ఛ ఉన్నదా అని వాళ్లకు పదే పదే వివరించుకోవలసి వచ్చింది. మన జబానుల్లో ఆ చిక్కు లేదు. ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. స్టాల్మన్ అడిగింది ఆజాదీ.

1991లోనే నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను లోకం ముందు పెట్టాడు. అది కూడా ఇదే దారిలో నడిచింది. పైథాన్‌కు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. దొంగ కాపీ తెచ్చుకుని ఎవరి హక్కూ కాజేయనక్కర్లేదు. మన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

1995లో సన్ కంపెనీ జావాను తెచ్చింది. ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి అన్నది వాళ్ల దావా. హైదరాబాద్ అమీర్‌పేటలో వేలాది పిల్లలు జావా నేర్చుకుని ఉద్యోగాలకు వెళ్లారు. దావా చాలావరకు నిజమే. కానీ జావా ప్రోగ్రామ్ నడవాలంటే ముందు ప్రతి కంప్యూటర్‌లోనూ జావా యంత్రాంగం కూర్చోవాలి. అంటే ముష్కిల్ పోలేదు, లోపలి గదిలోంచి గుమ్మంలోకి వచ్చింది.

మన కాలేజీల నీలం తెర

మన ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో సి నేర్చుకున్నవాళ్లకు టర్బో సి నీలం తెర గుర్తుండే ఉంటుంది. డాస్ కాలం నాటి సాఫ్ట్‌వేర్ అది. 64 బిట్ విండోస్ ఆ పాత 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. అయినా దాన్ని వదలలేక, డాస్‌బాక్స్ అనే నకిలీ డాస్ లోపల పెట్టి నడిపిన ల్యాబులు ఎన్నో. తెర తుడిచే హుకుం దగ్గర నుంచి అక్కడ నేర్చుకున్న కొన్ని అలవాట్లు లినక్స్‌లోని జీసీసీ దగ్గర చెల్లవు. అలాంటి ల్యాబులో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఉద్యోగ పరీక్షలో అదే ప్రోగ్రామ్ రాస్తే కంపైల్ కాదు. ఆ అమ్మాయి తప్పేముంది? ఆమెకు ఒక్క ఇంటి దర్వాజానే చూపించి, లోకంలో ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయన్నారు.

అందుకే నేను చెప్పేది ఒకటే. పైథాన్ ఇన్‌స్టాల్ చేయడం చదువుకు ముందు తీర్చుకోవలసిన పీడ కాదు, చదువులో మొదటి పాఠం. దాన్ని పాఠంగానే చెప్పాలి.

మూడు ఇళ్లు, మూడు రివాజులు

విండోస్ ఉంటే పైథాన్ సొంత వెబ్‌సైట్ నుంచే ఫైలు తెచ్చుకోండి, ఆ పాత్ గడిలో టిక్కు పెట్టండి. పైథాన్ అని టైపు చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుందంటే, ఆ పేరుతో అసలు పైథాన్ ఇంకా దొరకలేదని అర్థం.

మ్యాక్ ఉంటే హుకుం పేరు పక్కన మూడు అంకె చేర్చాలి. పైథాన్ రెండో తరానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. 2022లో యాపిల్ దాన్ని తన సిస్టమ్ నుంచి తీసేసింది. పాత వీడియోలు చూసి టైపు చేస్తే దొరకనిది అందుకే.

లినక్స్‌లో పైథాన్ చాలావరకు ముందే ఉంటుంది, అక్కడా మూడు అంకె చేర్చి పిలవాలి. కానీ కొత్త డెబియన్, ఉబుంటులలో అదనపు సామాను నేరుగా చేర్చబోతే వద్దంటుంది. సిస్టమ్ తన సొంత పనులకు కూడా అదే పైథాన్‌ను వాడుకుంటుంది కాబట్టి ఆ జాగ్రత్త. వెన్వ్ అనే సాధనంతో మీకంటూ ఒక గది కట్టుకుని, సామాను అందులో పెట్టుకోవాలి. విండోస్ బరువు మోయలేని పాత ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లకు తేలికపాటి లినక్స్ మంచి వసీలా. అదీ లేకపోతే గూగుల్ కోలాబ్ లాంటి చోట బ్రౌజర్‌లోనే పైథాన్ రాయవచ్చు, ఇన్‌స్టాల్ చేసే పనే ఉండదు. ఫోన్‌లోనైనా మొదలుపెట్టవచ్చు.

అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఇది. పిల్లలు తెర ముందు చిక్కుకున్నప్పుడు "నీకు రాదులే" అనకండి. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని గట్టిగా చదివించండి, అందులోని ప్రతి మాటకూ అర్థం వెతకమనండి. ఈ గందరగోళం ఫ్లాపీలు, టెలిటైపులు, పోటీపడ్డ కంపెనీలు మిగిల్చిపోయింది. దాన్ని ఒక్కొక్కటిగా విప్పడం నేర్చుకున్న పిల్లకు రేపు ఏ కొత్త జబాన్ వచ్చినా, ఏ కొత్త యంత్రం వచ్చినా భయం ఉండదు. కాస్త సబర్, కాస్త హిమ్మత్ ఇవ్వడం మన వంతు. మిగతాది వాళ్లు చూసుకుంటారు, ఇన్షాఅల్లాహ్.