ఆల్బనీ రేడియో నుంచి అల్బుకర్కీ తెర దాకా

కొవిడ్ రోజుల్లో వైద్యుల సదస్సులన్నీ జూమ్‌లోకి మారినప్పుడు అది అప్పటికప్పుడు పుట్టిన ఏర్పాటని చాలామంది అనుకున్నారు. నిజానికి ఉన్న ఊళ్లోనే ఉండి సదస్సులో కూర్చోవాలన్న ప్రయత్నానికి అప్పటికే అరవై ఐదేళ్లు నిండాయి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ మెడికల్ కాలేజీ 1955లో చుట్టుపక్కల ఆసుపత్రుల డాక్టర్ల కోసం రేడియో పాఠాలు మొదలుపెట్టింది. వినిపించి ఊరుకునే రేడియో కాదది, రెండువైపులా మాట్లాడుకోగలిగిన రేడియో. ప్రసంగం అయ్యాక చిన్న ఊరి ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరు తన సందేహం అడిగితే కాలేజీలోని నిపుణుడు అక్కడికక్కడే జవాబిచ్చేవాడు. మిగతా ఆసుపత్రుల వాళ్లూ ఆ సంభాషణ వినేవారు. ఈ పని పెరిగి 1958కల్లా కాలేజీకి డబ్ల్యూఏఎంసీ అనే సొంత ఎఫ్ఎం స్టేషనే వచ్చింది. ప్రశ్నకు చోటుండాలన్న సంగతి ఈ తొలి ప్రయత్నం చేసినవాళ్లకు బాగా తెలుసు. తర్వాత వచ్చినవాళ్లే దాన్ని తరచూ మరిచిపోయారు.

రేడియో వెనకాలే టీవీ వచ్చింది. నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో సెసిల్ విట్సన్ అనే మానసిక వైద్యుడు 1950ల చివర్లో క్లోజ్డ్ సర్క్యూట్ టీవీని బోధనకూ చికిత్సకూ వాడాడు. 1964లో ఒమాహాలోని ఆ సంస్థకూ 112 మైళ్ల దూరంలోని నార్ఫోక్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికీ మైక్రోవేవ్ లింకు పడింది. నిపుణులు అరుదుగా వెళ్లే ఆ ఆసుపత్రి సిబ్బందికి పాఠాలూ, రోగుల గురించి చర్చలూ తెర మీద అందాయి. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ చేస్తున్న గుండె ఆపరేషన్‌ను ‘ఎర్లీ బర్డ్’ ఉపగ్రహం ద్వారా జెనీవాలో కూర్చున్న వైద్యులు చూశారు. పత్రికలు రాసుకున్నది ఈ ఆపరేషన్ గురించే అయినా, వైద్య విద్య చరిత్రలో పెద్దపీట మాత్రం నార్ఫోక్ లింకుకే వేయాలి.

1971లో న్యూమెక్సికో రాష్ట్రం డాక్టర్ల లైసెన్సు రెన్యువల్‌కు నిరంతర వైద్య విద్య (సీఎంఈ) తప్పనిసరి చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ముప్పై ఏళ్ల తర్వాత తెర మీద చదువుకు అసలైన రూపం వచ్చింది కూడా అక్కడే.

పుణేలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో చదివిన సంజీవ్ అరోరా అల్బుకర్కీలోని న్యూమెక్సికో యూనివర్సిటీలో లివర్ నిపుణుడు. ఆయన క్లినిక్‌లో హెపటైటిస్ సి రోగులు చూపించుకోవడానికి ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చేది. 2004 నాటి అంచనా ప్రకారం ఆ రాష్ట్రంలో 28,000 మందికి ఈ జబ్బుంటే చికిత్స అందినవాళ్లు ఐదు శాతం కూడా లేరు. అప్పటి మందులు ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్. నెలల తరబడి వాడాలి. రక్తహీనత వస్తుంది, కొందరు డిప్రెషన్‌లోకి జారిపోతారు. పల్లె డాక్టర్లు వాటి జోలికి వెళ్లకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2003లో అరోరా ‘ప్రాజెక్ట్ ఎకో’ మొదలుపెట్టారు. వారానికోసారి వీడియోలో అందరూ కలుస్తారు. పల్లె క్లినిక్‌ల, జైళ్ల డాక్టర్లు తమ రోగుల కేసులు ఒక్కొక్కటిగా వినిపిస్తారు. రోగి పేరు చెప్పరు. లివర్ నిపుణుడు, మానసిక వైద్యుడు, ఫార్మసిస్టు కలిసి సలహా ఇస్తారు. మధ్యలో చిన్న పాఠం ఉంటుంది. సీఎంఈ క్రెడిట్లు ఉచితం. మందు రాసేది, రోగిని చూసుకునేది మాత్రం పల్లె డాక్టరే. ఒకరి కేసు నుంచి మిగతా అందరూ నేర్చుకుంటారు. పెద్దాసుపత్రిలో పీజీలు ప్రొఫెసర్ వెంట వార్డు రౌండ్లలో నేర్చుకునే తీరే ఇది. కాకపోతే ఇక్కడ ఒక్కో మంచం ఒక్కో ఊళ్లో ఉంటుంది.

ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. 407 మంది రోగులు, 21 ఎకో కేంద్రాలు, వాటిలో ఐదు జైళ్లు. రక్తంలో వైరస్ పూర్తిగా పోయినవాళ్లు యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం, ఎకో కేంద్రాల్లో 58.2 శాతం. తీవ్రమైన దుష్ప్రభావాలు యూనివర్సిటీలో 13.7 శాతం మందికి వస్తే, ఎకో కేంద్రాల్లో 6.9 శాతం మందికే వచ్చాయి. తెర మీద నేర్చుకున్న చదువు రోగి ఒంటి దాకా చేరిందని ఇంత స్పష్టంగా చూపిన లెక్కలు అరుదు.

మన దగ్గర దూరవైద్యానికి తొలి గుర్తుల్లో ఒకటి చిత్తూరు జిల్లా అరగొండ. అక్కడి అపోలో ఆసుపత్రి టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. డాక్టర్ల చదువు సంగతికొస్తే, అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002 నిబంధనలు ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ ఉండాలన్నాయి.

2020 మార్చి 8న బోస్టన్‌లో మొదలవ్వాల్సిన సీఆర్‌ఓఐ అనే ఎయిడ్స్ పరిశోధనా సదస్సును నిర్వాహకులు రెండు రోజుల ముందు ఆన్‌లైన్‌కు మార్చేశారు. అందులోనే కొత్త కరోనా వైరస్‌పై ప్రత్యేక సమావేశం పెట్టారు, ఆంథొనీ ఫౌచీ మాట్లాడారు. ఆ తర్వాత పెద్ద సదస్సులు వరసగా అదే దారి పట్టాయి. విమానం టికెట్టు కొనలేని, సెలవు దొరకని డాక్టర్లకు అది గొప్ప మేలు. కానీ చాలా సదస్సులు ప్రసంగాలను మాత్రమే తెర మీదికి తెచ్చాయి. ప్రశ్నల్ని చాట్ పెట్టెకు వదిలేశాయి.

ప్రశ్నకు చోటు ఎందుకుండాలో మన ఏజెన్సీల్లో చూడొచ్చు. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బున్న రోగులున్నారు. ఎముకల నొప్పితో విలవిల్లాడుతున్న పిల్లాణ్ని చూస్తున్న పీహెచ్‌సీ డాక్టరుకు ఆ జబ్బు మీద గంట ప్రసంగం కొంత ఉపయోగపడుతుంది. ఈ పిల్లాడికి హైడ్రాక్సీయూరియా ఎంత మోతాదులో మొదలుపెట్టాలి, రక్తపరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించాలి అని ఆ వారమే అడగగలిగితే ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది. సీఎంఈ 30 గంటల లెక్కలో అలాంటి గంటలకు ఎక్కువ విలువ కట్టాలి.