ఏడుపు నేరమైన ఇల్లు

కలకత్తా జొరాసాంకోలోని ఠాగూర్ల లోగిలి పేరుకు పెద్ద మేడ. అందులో పసివాళ్ల లోకం మాత్రం నౌకర్ల గదులకే పరిమితం. తండ్రి దేవేంద్రనాథ్ తరచూ హిమాలయాల్లో, తల్లి శారదాదేవి అంతఃపురంలో ఉండేవారు. పిల్లలు పనివాళ్ల అజమాయిషీలో పెరిగేవారు. 1861లో అక్కడ పుట్టిన రవీంద్రుడు దాన్ని నౌకర్ల రాజ్యంగానే గుర్తుంచుకున్నాడు.

శ్యామ్ అనే నౌకరు రవిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, దాటావో జాగ్రత్త అని బెదిరించి వెళ్లేవాడు. గీత దాటిన సీతమ్మకు ఏమైందో విన్న పిల్లవాడు కదలకుండా కింద చెరువునూ మర్రిచెట్టునూ చూస్తూ కూర్చునేవాడు. అంతకన్నా ఘోరం మరొకటి ఉంది. దెబ్బలు తిన్న పిల్లలు ఏడిస్తే అది రాజద్రోహంతో సమానం. ఆ ఏడుపు అణచడానికి వాళ్ల తలలను నీళ్ల బానల్లో కుక్కేవారు.

కొట్టడం ఒక ఎత్తు, ఏడవడానికి కూడా వీల్లేదనడం మరో ఎత్తు. రెండోదే లోపల ఎక్కువకాలం నిలుస్తుంది. ‘ఏం కాలేదు, నోర్మూయ్’ అని ఇప్పటికీ మన ఇళ్లలో వినిపించే మాట చేసే పనీ అదే.

బడి కూడా ఇంటిలాగే ఉంది. నార్మల్ స్కూల్లో ఒక ఉపాధ్యాయుడి బూతులు భరించలేక రవి ఆయన ప్రశ్నలకు జవాబివ్వడమే మానేశాడు. ఏడాదంతా వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నాడు. తీరా బెంగాలీ పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు వస్తే, పక్షపాతం జరిగిందని ఆ ఉపాధ్యాయుడు ఫిర్యాదు చేశాడు. మళ్లీ పరీక్ష పెట్టారు. మళ్లీ అతనిదే పైచేయి. ఆ పిల్లవాడు మాత్రం ఏ బడిలోనూ నిలవలేదు.

సెయింట్ జేవియర్స్ బడిలో ఒకరోజు రాయకుండా కూర్చున్న రవి వెనక ఫాదర్ డి పెనెరాండా ఆగాడు. భుజంపై చెయ్యి వేసి, ఒంట్లో బాగాలేదా అని మెల్లగా అడిగాడు. అంతే. కవి ఆ ప్రశ్నను జీవితాంతం మరవలేదు. గాయం మానడం అక్కడే మొదలవుతుందనిపిస్తుంది: ఎవరో ఒకరు గమనించి అడగడం దగ్గర.

కవి 1892లో రాసిన ‘ఛుటి’ కథలోనూ ఇలాంటి పిల్లవాడే ఉన్నాడు: పల్లె నుంచి కలకత్తా వచ్చిన ఫటిక్ ఎవరికీ అక్కరలేనివాడై జ్వరంతో చనిపోతాడు. 1901లో కవి శాంతినికేతన్‌లో కొద్దిమంది పిల్లలతో, చెట్ల కింద పాఠాలతో బడి పెట్టాడు. దానికి మూలం కొత్త విద్యా సిద్ధాంతమేమీ కాదని, తన బడిరోజుల జ్ఞాపకమేనని ఆయనే చెప్పాడు. 1912లో వెలువడిన స్మృతుల్లో నౌకర్లను దుష్టులుగా చిత్రించలేదు. పిల్లల మొత్తం భారం వాళ్లపై వేసిన ఏర్పాటులోనే తప్పు చూశాడు. జరిగింది అన్యాయమేనని ఒప్పుకుంటూనే కారణం వెతకడం తేలికైన పని కాదు. చాలామంది ‘మా మంచికే కొట్టారు’ దగ్గరే ఆగిపోతారు.

కవి పుట్టిన కలకత్తాలోనే డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. పెద్దలు తమ బాల్యాన్ని గురించి నోరు విప్పి చెప్పుకునే చికిత్సకు అలా చోటు దొరికింది. 1940లో కలకత్తా తిల్జలాలో ఆ సంఘం లుంబినీ పార్క్ మానసిక వైద్యశాలను మొదలుపెట్టింది. దాదాపు ఎనభై ఏళ్ల రవీంద్రుడు ఆ ఏడాదే తన బాల్యాన్ని మరోసారి, ఈసారి పిల్లల కోసం, ‘ఛెలెబేలా’గా రాశాడు.