వెబ్ పుట: చదువరి చేతి ఘంటము

తాటాకుపై వ్రాయువానికి ఘంటము చాలును. అచ్చు వేయించువానికి అక్షరములు, యంత్రము, పెట్టుబడి కావలెను. నేడు మనము చదువుచున్న వెబ్ పుట ఈ రెండింటిలో దేనికి చుట్టము? దాని చరిత్రయే ఇందుకు సమాధానము చెప్పగలదు.

జెనీవా నగరము చెంత సెర్న్ అను పరిశోధనాలయము కలదు. పలు దేశముల శాస్త్రజ్ఞులు అచ్చటికి వచ్చి పోవుచుందురు. ఒకరి పత్రమును వేరొకరి యంత్రమున తెరచుట నాడు దుర్లభముగా నుండెడిది. ఈ యిబ్బందిని తొలగింప నెంచి టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989 మార్చిలో ఒక ప్రతిపాదనను వ్రాసెను. 1990 చివరకు ఆయన నెక్స్ట్ కంప్యూటరుపై సిద్ధపరచిన సాధనము పుటలను చూపుటకే కాక, వానిని వ్రాయుటకును దిద్దుటకును ఉపకరించెను. చదువువాడే వ్రాయువాడు కూడ కావలెనని ఆయన సంకల్పము.

వ్రాయు పద్ధతి మిక్కిలి సులభము. మామూలు మాటల నడుమ కోణపు గుర్తులలో చిన్న సంకేతములు ఉంచవలెను. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది వేరొక పుటకు దారి అని అవి యంత్రమునకు తెలుపును. ఈ సంకేతములను టాగులందురు. ఈ వ్రాతకు హెచ్.టి.ఎమ్.ఎల్. అని పేరు. అచ్చుకూటములలో ప్రూఫు దిద్దువారు అంచులలో వేయు గుర్తుల వంటివే యివియు.

1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాధనములను ఎల్లరకు ఉచితముగా విడిచిపెట్టెను. ఆ యేడే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మొజాయిక్ అను బ్రౌజరు వెలువడెను. వ్రాత నడుమనే బొమ్మలను చూపి అది లోకము నాకర్షించెను. కాని దానిలో పుటలు చదువుటయే గాని వ్రాయుట లేదు. ఘంటము చదువరి చేజారెను.

అయినను తలుపు మూతపడలేదు. ఏ పుటకైనను మూలపు వ్రాతను తెరచి చూచు వీలు బ్రౌజరులలో నిలిచెను. దానిని చూచి, నోట్‌ప్యాడ్ వంటి సాదా సాధనమున వ్రాసి దిద్ది, ఎందరో గురువు లేకయే ఈ విద్య నేర్చిరి. టాగు లెరుగనివారికై ఫ్రంట్‌పేజి, 1997లో డ్రీమ్‌వీవర్ మున్నగునవి వచ్చినవి. సౌకర్యము పెరిగెను, కాని యంత్రము అల్లిన వ్రాత తరచు చిక్కుపడి, మనుష్యుడు చదువుటకు కష్టమయ్యెను.

తెలుగునకు మరియొక చిక్కు కలిగెను. ఒక్కొక్క పత్రిక తన ఫాంటుతో పుటలు కూర్చెడిది. ఆ ఫాంటు లేని యింట అవి అర్థము లేని గుర్తులుగా కనబడెడివి. 1991లోనే యూనికోడులో తెలుగునకు స్థానము లభించినను, 2001లో విండోస్ ఎక్స్‌పితో గౌతమి ఫాంటు వచ్చిన పిమ్మట గాని ఇండ్లలో ఈ చిక్కు వీడనారంభింపలేదు.

తొలి వెబ్ పుట యొక్క 1992 నాటి ప్రతిని సెర్న్ 2013లో తొలి చిరునామాననే మరల నిలిపెను. నేటి బ్రౌజరులును దానిని తడబాటు లేక చూపుచున్నవి. అందలి వ్రాత సాదా అక్షరములు, కొలది టాగులు మాత్రమే. ఆ పాటి విద్య నేర్చిన గృహస్థుడు ఈనాడును తన యూరి చరిత్రను తానే తెలుగున వ్రాసి, ఒక పుటగా నిలుపవచ్చును. వెబ్ పుట తాటాకునకే దగ్గరి చుట్టము.