మన్యపు సంతలో కొలపాత్ర

గోదావరి ఇంద్రావతిని తనలో కలుపుకొని దక్షిణమునకు మరలిన పిమ్మట, చర్ల సమీపమున తాలిపేరును, బూర్గంపాడు కడ కిన్నెరసానిని, కూనవరము కడ శబరిని చేర్చుకొని, పాపికొండల ఇరుకుదారిలోనికి చొచ్చువరకు, ఆ నదికి ఇరుదెసల వ్యాపించిన అరణ్యసీమను మన చరిత్రకారులు శ్రీరాముని క్షేత్రముగను, కోయల, కొండరెడ్ల నివాసముగను, పితూరీలకు ఆటపట్టుగను వర్ణించిరే గాని, వాణిజ్యభూమిగా వర్ణించినవారు అరుదు. అయినను చింతపండు, ఇప్పపువ్వు, తేనె, కుంకుడుకాయ, ఉసిరిక, చిల్లగింజ, తపసి జిగురు, వెదురు, టేకు, తునికాకు మున్నగు వస్తువులు తరతరాలుగా ఈ అడవినుండి బయలుదేరి, రాజమహేంద్రవరపు రేవులను, ఖమ్మము, వరంగల్లు బజారులను చేరుచునేయున్నవి. వానిని ఏరినవారు పేదలుగనే యుండిపోయిరి. వానిని కొలిచినవారు మేడలు కట్టిరి. ఎవరు ఏరుచున్నారను దానికంటె ఎవరు కొలుచుచున్నారను దానిపైననే ఈ సీమయందలి సంపద ఆధారపడినదని, మూడు శతాబ్దముల చరిత్రను నెమ్మదిగా పరికించినవారికి తోచక మానదు.

మన్యమునకు అడవి ఈయని వస్తువు ప్రధానముగా ఉప్పు. సముద్రతీరమున పండిన ఉప్పు పడవలమీదను, లంబాడీల ఎద్దుల పెరికెలమీదను ఎగువకు వచ్చెడిది. అడవి సరకు దిగువకు పోయెడిది. ఈ రాకపోకలకు తోడు, పదునేడవ శతాబ్దపు చివరిపాదమున, గోల్కొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలములో, నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై భద్రగిరిపై ఆలయము నిర్మించిన నాటినుండి, శ్రీరామనవమికి తరలివచ్చు యాత్రికుల వలన అడవి నడుమ ఒక మహాసంత వెలసినది. నట్టడవిలో దేవుని కల్యాణమునకు లక్షలాది జనులు కూడుట భక్తికి నిదర్శనమే. ఆ జనసమూహమునకు వలసిన విస్తరాకు మొదలు తేనెవరకు సమకూర్చినవారు చుట్టుపట్ల గూడెములవారే యనుటయు అంతే సత్యము.

ఆ కాలమున వారమువారము సాగిన సంతను కొంచెము దగ్గరగా చూడవలెను. తెల్లవారకముందే గూడెము విడిచి, తలపై చింతపండు గంప నెత్తుకొని, కొండదారిని క్రోసులకొలది నడచివచ్చిన కోయస్త్రీ సంత అంచున అడుగిడునప్పటికే షావుకారు మనిషి ఆమెకు ఎదురేగి గంప దింపించును. ఆమె తెచ్చినది తూకమునకు చాలినంతయే యున్నను, అతడు దానిని తక్కెడలో వేయక కుంచముతోనో మానికతోనో కొలుచును. పండును అదిమి అదిమి నింపును. ఆమెకు ఈయవలసిన ఉప్పునకు మాత్రము అదే మానిక గాలి చొరబడునంత వదులుగా నిండును. అంతకంటె బలీయమైనది మరియొక కొలత కలదు: అది అప్పు. వానకాలమున తిండిగింజలు అడుగంటినప్పుడు జొన్నలో, బట్టయో ముందుగా ఇచ్చి, వేసవి సరకంతయు తనకే పోయవలెనని షావుకారు మాట తీసికొనును. సరకు చేతికి వచ్చునాటికి ధర చెప్పువాడు అతడే, లెక్క వ్రాయువాడు అతడే, ఆ లెక్క చదువగలవాడును అతడే. ఏడాదికేడాది తీర్చినను తీరని అప్పునకు గూడెములు గూడెములే కట్టువడియుండెను.

దీనికి తోడు రాజ్యముల సరిహద్దొకటి ఏర్పడినది. 1860 నాటి సంధిచేత నిజాము నవాబు గోదావరి ఎడమగట్టునగల తాలూకాలను ఆంగ్లేయులకు విడిచిపెట్టగా, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు తొలుత మధ్యపరగణాలలో చేరి, 1874లో చెన్నరాజధానియందలి గోదావరి జిల్లాకు మారినవి. కుడిగట్టున పాల్వంచ సంస్థానము నిజాము ఏలుబడిలోనే నిలిచినది. ఒక గట్టున కుంఫిణీ రూపాయ, వేరొక గట్టున హాలీ సిక్కా. రెండును ఒకే విలువగల నాణెములు కావు. ఏటికి ఆవల తన మేనమామ ఇల్లు, ఈవల తన పోడుచేను గల కోయవానికి ఈ సరిహద్దు అర్థములేనిది. నాణెముల మారక మెరిగిన వర్తకునికి మాత్రము అది ఆదాయమార్గము.

ఈ అన్యాయము ఎంతవరకు పోయినదో 1879 నాటి రంప పితూరీ లోకమునకు చాటినది. కల్లుపై పన్నులు, రంప మన్సబుదారు దురాగతములు, పోలీసుల వేధింపులు ఆ తిరుగుబాటునకు కారణములుగా చెప్పబడుచున్నను, మైదానమునుండి వచ్చిన వర్తకులు మన్యపువారితో ఒప్పందములు వ్రాయించుకొని, దూరపు న్యాయస్థానములలో వారి పరోక్షమున డిక్రీలు పొంది, ఐదు రూపాయల బాకీ క్రింద నూరు రూపాయల పశువులను, ధాన్యమును జప్తుచేసి తోలుకొనిపోయిరన్న మొర నాటి ప్రభుత్వమువారి విచారణయందే వినవచ్చినది. ఆ మంట రేకపల్లికిని వ్యాపించెను. అచ్చట పోడుపై శిస్తు హెచ్చించుట దానికి ఆజ్యమైనది. మన్యపు భూములు ఇతరుల పాలు కాకుండ కాపాడుటకు 1917లో ఏజెన్సీ భూబదలాయింపు శాసనము, స్వాతంత్ర్యానంతరము 1959, 1970 సంవత్సరముల నిబంధనలు వచ్చుటకు మూలము ఈ చేదు అనుభవములే.

ఈ పితూరీకి పూర్వమే అడవి నడుమ ఒక మహాసాహసము తలయెత్తి అణగిపోయినది. ధవళేశ్వరపు ఆనకట్టను 1852 నాటికి ముగించిన ఆర్థరు కాటను దొర, నాగపురము, బీరారు ప్రాంతముల ప్రత్తిని గోదావరిమీదుగనే సముద్రమునకు చేర్చవచ్చునని తలపోసెను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు సాగిన అంతర్యుద్ధము వలన లంకాషైరు మరలకు ప్రత్తి కరవై, ఆ ఆలోచనకు అంగడి బలము చేకూరినది. నదికి అడ్డముగా నిలిచిన మూడు రాతిపట్టులలో మొదటిదైన దుమ్ముగూడెము కడ ఆనకట్టయు, పడవలు పోవుటకు లాకులతో కాలువయు నిర్మితమైనవి. హేగు అను ఇంజనీరు ఈ పనికి తన యౌవనమంతయు ధారపోసెను. కాని వేసవిలో నది ఎండుటయు, మన్యపు చలిజ్వరము పనివారిని పీడించుటయు, యుద్ధము ముగిసి ప్రత్తిధర తగ్గుటయు, రైళ్లు వేగముగా వ్యాపించుటయు కారణములై 1871లో పథకము విడువబడినది. నాగపురపు ప్రత్తిని, మాంచెష్టరు మరలను లెక్కకు తెచ్చుకొన్న ఆ పథకమున, నదిగట్టున నివసించువారు పొందదగిన లాభము ఒక అంకెగానైనను చోటు చేసికొనలేదు. ఆ మహాయత్నము విఫలమైన దుమ్ముగూడెముననే క్రైస్తవ మిషనరీలు స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక మాత్రము అనేక కుటుంబములకు జీవనాధారమైనది.

నది విడిచిన పనిని రైలు అందుకొన్నది. భద్రాద్రికి పోవు యాత్రికులు పొయ్యికి పెట్టుకొన్న నల్లరాళ్లు నిప్పంటుకొనగా బొగ్గు జాడ తెలిసినదని జనశ్రుతి. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియము కింగు ఇల్లెందు ప్రాంతమున ఆ నిక్షేపములను గుర్తించుట చరిత్ర. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు పొందినది. అదియే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీయై, 1945లో నిజాము ప్రభుత్వమువారి వశమైనది. బొగ్గుతో రైలు, రైలుతో కలప గుత్తేదారులు అడవి లోతులకు చేరిరి. గోదావరిపై టేకు దుంగలను, వెదుళ్లను తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరమునకు దింపు వ్యాపారము మునుపటినుండియు కలదు. ఆ కలపవర్తకుల ముందు కొండరెడ్లు ఎంత నిస్సహాయులై యుండిరో హైమెండార్ఫు పండితుడు వారి నడుమ నివసించి 1945లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా వర్ణించెను.

మార్పునకు 1956వ సంవత్సరము నాంది. ఆ ఏటనే దేశమంతటికిని ఒకే తూనికలు, కొలతలు ఉండవలెనని పార్లమెంటు శాసించినది. ఆ ఏటనే విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. మొదటిది కిలోగ్రామును దేశమునకు తెచ్చినది; రెండవది దానిని సంతకు మోసికొనిపోవలసిన బాధ్యతను తలకెత్తుకొన్నది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో కలియగా, నది ఇరుగట్టులు ఒక్క పాలన క్రిందికి వచ్చినవి. సంస్థవారు ఒక చేత చింతపండును, జిగురును, తేనెను ముందు ప్రకటించిన ధరకు తూచి కొనిరి. మరియొక చేత డిపోలు తెరచి బియ్యము, ఉప్పు, కిరసనాయిలు, బట్ట అమ్మిరి. షావుకారు చేతిలోని అమ్మకము, కొనుగోలు, అప్పు అను మూడు త్రాళ్లను ఒక్కమారే తెంపవలెనన్నదే దీని ఆంతర్యము. 1979 నాటి నిబంధన చిల్లర అటవీఫలసాయపు వ్యాపారమును ఆ సంస్థకే ప్రత్యేకించినది.

సహకార సంస్థ వలన సర్వము చక్కబడినదని చెప్పుట సత్యము కాజాలదు. సంస్థ కొనుటకు ఆలస్యమైనచోట, రొక్కము వెంటనే చేతబడనిచోట, దళారి మరల ప్రవేశించును. ఆకలికి వాయిదాలు తెలియవు. అయినను తపసి జిగురు విషయమున నేర్పబడిన పాఠము గణింపదగినది. పూర్వము చెట్టును గొడ్డలితో లోతుగా నరికి, కారిన జిగురును మట్టితోను, బెరడుతోను కూడ గీరి అమ్మెడివారు; చెట్టు చచ్చెడిది, ధర పలికెడిది కాదు. చిన్నగాట్లు పెట్టి, శుభ్రమైన పాత్రలో పట్టి, రంగునుబట్టి తరగతులుగా విడదీయుట నేర్చిన పిమ్మట చెట్టు బ్రదికినది, జిగురునకు విలువ పెరిగినది. సరకు మంచిచెడ్డలు నిర్ణయించు కన్ను కూడ ఒక కొలపాత్రయే; అది షావుకారునుండి ఏరువాని కడకు వచ్చుట చిన్న సంగతి కాదు.

తునికాకు కథ ఇంతకంటె విపులమైనది. 1971 నాటి శాసనముచేత బీడీ ఆకు వ్యాపారము ప్రభుత్వాధీనమైనది. మాఘఫాల్గుణములలో పొదలను కొట్టి విడిచినచో, వేసవి యెండకు లేతయాకు వెడల్పుగా చిగిర్చును. చైత్రవైశాఖములలో కుటుంబమంతయు చీకటితో అడవికి పోయి, ఎండ ముదురకముందే మూటలతో తిరిగివచ్చి, నీడపట్టున కూర్చుండి యాకులను వరుసపెట్టి, యాబదేసి చొప్పున నారతో కట్టలు కట్టును. సాయంకాలమున కల్లము కడ కల్లేదారు ఆ కట్టలను ఎంచి, చిల్లులున్నవానిని త్రోసివేసి, నూటికి కొన్ని కట్టలు కొసరుగా లాగుకొనుట వాడుక. కట్టలను ఇసుకపై పరచి, ఒకప్రక్క ఆరినవెనుక మరలవేసి, నీరుచల్లి మెత్తబరచి, వేయికట్టల కొక బస్తా చొప్పున నింపుదురు. అనగా ఒక్క బస్తాలో యాబదివేల ఆకులు, యాబదివేల మారులు వంగిన నడుము. కట్టధరకై ఈ మన్యమున సాగిన ఆందోళనలును, అమ్మకముపై వచ్చిన నికరాదాయమును సేకర్తలకు బోనసుగా పంచు పద్ధతియు ఎంచుట ఎవరిపనియను పాత ప్రశ్నకే క్రొత్త సమాధానములు.

భద్రాద్రి కెదుట సారపాకయందు 1979లో ఉత్పత్తి ఆరంభించిన కాగితపు అట్టల కర్మాగారము మరియొక మార్గము చూపినది. అడవి వెదురుపైననే ఆధారపడిన మిల్లు నిలువజాలదని గ్రహించి, నీలగిరి, సుబాబులు చెట్లను రైతుల పొలములలో పెంచజేయుటకు పూనుకొని, మేలుజాతి నీలగిరి మొక్కలను కొమ్మల అంట్లతో వృద్ధిచేయగా, భద్రాచలము క్లోనులని వానికి దేశమంతట పేరు వచ్చినది. అడవికి భారము తగ్గించిన ఈ ఏర్పాటున భూమిగలవాడు పాలుపంచుకొన్నాడు. భూమిలేనివాని సంగతి మాత్రము మునుపటివలెనే మిగిలినది.

2006 నాటి అటవీహక్కుల శాసనము చిల్లర ఫలసాయముపై స్వామ్యమును అడవిబిడ్డలదేయని ప్రకటించినది. తమ శ్రమఫలముపై తమదే స్వామ్యమను ఆ భావము కాగితమునుండి చేతలలోనికి దిగుట నేడు భద్రాచలపు స్త్రీల సంఘములలో కానవచ్చుచున్నది. నిన్నటివరకు పరుల పొలములలో కూలిచేసిన స్త్రీలు కొందరు శిక్షణపొంది, చిరుధాన్యములతో బిస్కెట్లు చేసి, భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ అను పేర అమ్ముచుండగా, 2025 జూను మాసపు ఆకాశవాణి ప్రసంగమున ప్రధానమంత్రి వారిని కొనియాడి, ఆ బిస్కెట్లు హైదరాబాదునుండి లండనువరకు పోవుచున్నవని చెప్పెను. ఆ స్త్రీలే తయారుచేసిన గిరి శానిటరీ ప్యాడ్లు మూడునెలలలో నలుబదివేలు సిద్ధమై బడులకు, చుట్టుపట్ల కార్యాలయములకు అందినవనియు ఆయన పేర్కొనెను. ఈ సంఘములలో పిండి తూచునది, వెల నిర్ణయించునది, పద్దు వ్రాయునది, చదువునది ఆ స్త్రీలే యగుట నాకు లండను ప్రయాణముకంటె గొప్పగా తోచుచున్నది.

వాణిజ్యవేత్తల చరిత్రను మనము పెట్టుబడితోను, గడించిన కోట్లతోను కొలుచుటకు అలవాటుపడితిమి. ఈ మన్యమున అట్టి లెక్క సగము సత్యమునే చెప్పును. కాటను దొర ప్రతిభకు లోటులేదు, కలపవర్తకుల ధైర్యమునకు లోటులేదు. వారి లెక్కలలో గూడెము ఒక భాగస్వామిగా లేకుండుటయే లోటు. ఇచ్చట ముందుముందు తలపెట్టు ఏ వ్యాపారమునైనను మనము మూడు సంగతులు అడిగి పరీక్షింపవలెను: ప్రతి సంతలోను అందరు చూడగల కాటా, ఆనాటి ధర వ్రాసిన పలక కలవా; తూచిననాడే సొమ్ము చేతబడుచున్నదా; గూడెపు ఆడపిల్లకు ఆ పద్దు వ్రాయు చదువు అందినదా. ఈ మూటిని సమకూర్చుట ప్రభుత్వమునకు గాని, సహకార సంస్థకు గాని, మిల్లు యజమానులకు గాని మోయరాని భారము కాదు. ఇవి సమకూరిననాడు ఇప్పచెట్టు క్రింద పువ్వులేరు చేయికిని, పద్దు వ్రాయు చేయికిని భేదముండదు. అట్టి వర్తకమే ఈ సీమకు నిలుకడగల సంపదను తెచ్చునని నా దృఢవిశ్వాసము.