జుయీ గుడ్డ మీద కొత్త మనుషులు

1783లో జాన్ బాతిస్త్ ఉయే అనే చిత్రకారుడు ఒక అద్దకం కర్మాగారంలో జరిగే పనులన్నిటినీ ఆ కర్మాగారం బట్టమీదికే బొమ్మలుగా ఎక్కించాడు. ఏటి నీళ్లలో గుడ్డలు ఉతికేవాళ్లు, పచ్చికమీద థాన్లు పరిచేవాళ్లు, చెక్క అచ్చులు అద్దేవాళ్లు అందులో కనిపిస్తారు. తెల్లటి నూలుబట్ట, ఒకే రంగు, సన్నటి గీతలు, విడివిడిగా తేలే దృశ్యాలు. కర్మాగారం ఉన్న, వెర్సాయ్ దగ్గరి జుయీ-ఆన్-జోజా ఊరి పేరే ఈ గుడ్డకు వచ్చింది: త్వాల్ ద జుయీ.

అచ్చమైన ఫ్రెంచి సరుకుగా చెలామణీ అవుతున్న ఈ గుడ్డకు మూలం మన తీరం. 17వ శతాబ్దంలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన రంగుల అద్దకాలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ పుట్టిందంటే, అక్కడి పట్టు, ఉన్ని వర్తకులు గగ్గోలు పెట్టారు. 1686లో ప్రభుత్వం వాటి దిగుమతినే కాదు, దేశంలో వాటిని అనుకరించడాన్నీ నిషేధించింది. నిషేధం 1759 దాకా ఉంది. దొంగసరుకు మాత్రం ఒక్కనాడూ ఆగలేదు.

ఉతికినా వెలవని ఆ రంగుల గుట్టు కోసం ఫ్రెంచివాళ్లు ఇక్కడే ఆరా తీశారు. తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చిన జెస్యూట్ ఫాదరీ కూర్దూ, క్రైస్తవంలో చేరిన అద్దకంవాళ్లను అడిగి తెలుసుకుని 1742లో ఆ పద్ధతినంతా స్వదేశానికి ఉత్తరంలో రాసి పంపాడు. కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి బట్టకు పట్టించడం దగ్గర్నుంచీ అందులో ఉంది. ఈనాడైతే దీన్ని పారిశ్రామిక గూఢచర్యం అంటారు.

నిషేధం తొలగిన మరుసటి ఏడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అనే జర్మన్ యువకుడు జుయీలో బియేవ్ర్ ఏటి ఒడ్డున ఈ కర్మాగారం తెరిచాడు. మొదట అన్నీ చెక్క అచ్చులే. 1752లో డబ్లిన్ దగ్గర పుట్టిన రాగిరేకు ముద్రణ 1770లో జుయీకి చేరింది. చెక్క మీద కుదరని సన్నని గీత రాగి మీద కుదిరింది, బొమ్మ పెద్దదయింది. అయితే ఒక రేకు మీద ఇంకో రేకును గురిగా కూర్చోబెట్టడం కష్టం కనుక ఒక్క రంగుతోనే సరిపెట్టుకున్నారు. ఇవాళ మనం ముచ్చటపడే ఆ ఏకవర్ణ సొగసు నిజానికి యంత్రం పెట్టిన హద్దు! రసాయనం మాత్రం పాతదే. పటిక అద్దినచోట ఎరుపు, ఇనుము అద్దినచోట నలుపు. కలంకారీలో పటిక, కసిమి (ఇనుప ద్రావణం) చేసే పని కూడా ఇదే.

జుయీలో తయారైన సరుకులో ఎక్కువ భాగం చెక్క అచ్చుల పూలబట్టలు. లోకానికి గుర్తున్నవి మాత్రం గొర్రెల కాపరులు, పల్లెపడుచులు. వాటి పక్కనే తాజా కబుర్లూ అచ్చయ్యేవి. 1783లో పారిస్ నుంచి మనుషులతో బెలూన్లు ఎగిరితే, ఏడాది తిరగకుండానే బెలూన్ల బట్ట వచ్చింది. అమెరికా స్వాతంత్ర్యమూ పరదాల మీదికెక్కింది. 1806లో నెపోలియన్ స్వయంగా వచ్చి ఓబర్‌కాంఫ్‌ను సత్కరించాడు. 1815లో ఓబర్‌కాంఫ్ పోయాడు, 1843లో కర్మాగారం మూతబడింది.

బొమ్మలు మాత్రం మూతబడలేదు. 1947లో క్రిస్టియన్ డియోర్ పారిస్‌లోని తన తొలి దుకాణాన్ని ఈ గుడ్డతోనే అలంకరించాడు. 2018లో డియోర్ సంస్థ కోసం డిజైనర్ మరియా గ్రాట్సియా క్యూరీ కాపరుల స్థానంలో పులులను, సింహాలను, పాములను దింపింది. సంచుల మీద అవి అందంగానే ఉంటాయి, కానీ ఎవరినీ ఏమీ అడగవు.

అడిగినవి వేరే ఉన్నాయి. ఫ్రాన్సులోని నాంత్ రేవు వర్తకులు ఇలాంటి అద్దకం బట్టలనే ఆఫ్రికా తీరంలో ఇచ్చి బానిసలను కొనేవారు. అమెరికన్ కళాకారిణి రెనే గ్రీన్ 1992లో చేసిన గుడ్డలో ఆ వ్యాపారమే పూలతీగల మధ్య కనిపిస్తుంది. 2004లో గ్లాస్గోకు చెందిన టిమరస్ బీస్టీస్ సంస్థ తమ నగరపు మేడల నడుమ, పార్కు బెంచీ మీద తాగేవాణ్ణీ, సూది గుచ్చుకునే మత్తుబానిసనూ అదే పాత గీతల్లో నిలబెట్టింది. దూరం నుంచి చూస్తే తాతలనాటి పరదా అనే భ్రమ పడతాం.

న్యూయార్క్ డిజైనర్ షీలా బ్రిడ్జెస్ తన ఇంటికి నచ్చిన జుయీ నమూనా దొరక్క 2006లో తానే ఒకటి గీసింది. 'హార్లెమ్ త్వాల్'లో 18వ శతాబ్దపు దుస్తుల్లో నల్లజాతివాళ్లు బాస్కెట్‌బాల్ ఆడతారు, జడలు దువ్వుకుంటారు, తాడాట ఆడతారు, టేప్ రికార్డర్ పాటకు చిందేస్తారు. నల్లవాళ్ల గురించి అమెరికా పెట్టుకున్న మూసల్లో కొన్నిటిని గోడమీదికెక్కించి వెక్కిరించిందామె. గోడకాగితంగా మొదలైన ఆ నమూనా తర్వాత బట్టల మీదికీ, పింగాణీ పళ్లేల మీదికీ పాకింది. న్యూయార్క్‌లోని కూపర్ హ్యూయిట్ డిజైన్ మ్యూజియం దాన్ని తన సేకరణలో చేర్చుకుంది.