185/60 ఆర్15 84హెచ్: ఒక టైరు పుట్టుపూర్వోత్తరాలు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టైర్ల కోసం వచ్చినవాళ్లు మొదట అడిగేది ‘ఏ కంపెనీవి ఉన్నాయి?’ అని. ఆ వెంటనే ‘ఎంతకిస్తారు?’ అంటారు. మామూలుగా ఊళ్లో తిరిగే కారుకైతే ఈ రెండు ప్రశ్నలతో పని గడిచిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ లాంటి చురుకైన కారుకు మాత్రం అవి చాలవు. 2013లో మన దేశానికి వచ్చిన ఈ చిన్న కారులో ఉన్నది 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్ శక్తి. పోలో తయారీ 2022లో ఆగిపోయినా, బండి నడపడమంటే ఇష్టమున్న కుర్రాళ్లు సెకండ్ హ్యాండ్‌లో వెతికి మరీ కొంటున్నారు. కారు తక్కువలో దొరుకుతుంది. టైర్ల దగ్గరికి వచ్చేసరికి జేబు తడుముకోవాల్సి వస్తుంది.

ఆ కారుకు కంపెనీ వేసిన టైరు పక్కగోడ మీద ‘185/60 ఆర్15 84హెచ్’ అని ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఇందులో ప్రతి అంకె వెనుకా, ప్రతి అక్షరం వెనుకా ఒక కాలంలో ఎవరో పడిన కష్టం ఉంది. ఆ వరస తెలిసినవాడు డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో దుకాణదారు చెప్పకుండానే తేల్చుకోగలడు.

గాలి నింపిన చక్రం

పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసెక్కుతుంది. గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు గుణాలూ పోతాయని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. 1844లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే స్కాట్లండ్‌వాడైన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి కార్లే లేవు. గుర్రపు బళ్లకు అంత ఖరీదైన చక్రాలు ఎవరికీ అవసరం అనిపించలేదు. ఆ ఆలోచన నలభై ఏళ్లకు పైగా మరుగున పడిపోయింది.

బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యం చేసే జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరును మళ్లీ తయారు చేసి 1888లో పేటెంటు పొందాడు. థామ్సన్ పేటెంటు ముందే ఉందని తేలడంతో అది తర్వాత చెల్లకుండా పోయింది. గాలి టైరును కారెక్కించినవాళ్లు ఫ్రాన్స్‌లోని మిషెలిన్ సోదరులు. 1895లో పారిస్–బోర్డో–పారిస్ పందెంలో గాలి టైర్ల కారుతో దిగారు. దారి పొడవునా పంక్చర్లే. గెలవలేదు. అయినా కారు గాలి మీద పరుగెత్తగలదని లోకానికి తెలిసింది. టైరు చరిత్రలో పందేలకు చోటు దక్కింది అప్పుడే. ఈనాటికీ కొత్త టైర్లను పందేల్లోనూ పరీక్షిస్తున్నారు.

దక్కన్ రోడ్ల మీద

హైదరాబాద్‌కు మోటారు కారు ముందు కోటల్లోకే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో ఆర్డరు చేసిన పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడవచ్చు. ఆ సన్నటి, ఎత్తయిన చక్రాలను చూస్తే అప్పటి టైరు చేసే పని ఏమిటో అర్థమవుతుంది. బరువు మోయాలి, కుదుపు తగ్గించాలి, అంతే. మలుపులో నేలను పట్టుకోవడం అప్పటికింకా టైరు బాధ్యత కాలేదు.

సామాన్యుడికి టైరు అందింది బస్సు ద్వారా. నిజాం స్టేట్ రైల్వే 1932లో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించి 27 బస్సులు నడిపింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. మరో నాలుగేళ్లకు, 1936లో, బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ మొదలై మన దేశంలోనే టైర్లు తయారవడం ఆరంభమైంది. అయినా టైరంటే చాలాకాలం ఖరీదైన సరుకే. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేయించుకుని, అంటే రీబటన్ చేయించుకుని నడిపించేవారు. మద్రాసు తిరువొత్తియూరులో 1946లో బొమ్మ బెలూన్లతో మొదలైన కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై వ్యాపారం 1952లో మళ్లింది ఈ రీబటన్ రబ్బరు తయారీకే. అదే ఇవాళ్టి ఎమ్మారెఫ్. 1960ల మొదట్లో టైర్లు చేయడం ప్రారంభించింది.

లారీలకూ బస్సులకూ రీబటన్ ఇప్పటికీ లాభసాటి పద్ధతే. వేగంగా నడిచే కారుకు మాత్రం అది పొదుపు కిందికి రాదు. ఎక్కువ వేగంలో పుట్టే వేడికి అతికించిన పొర ఊడివస్తే పోయేది ప్రాణం.

‘ఆర్’ వచ్చిన దారి

అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని ఉండేది, పద్మిని మీద 5.20-14 అని. రెండూ అంగుళాల కొలతలే. వెడల్పు ఒకటి, రిమ్ము వ్యాసం ఒకటి. వాటిలో ‘ఆర్’ ఉండేది కాదు. అవి క్రాస్‌ప్లై టైర్లు. లోపలి దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అడ్డంగా పరిచి ఉండేవి. చక్రం తిరిగినప్పుడల్లా ఆ పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని వేడెక్కేవి. మలుపులో పక్కగోడ వంగితే దాంతోపాటు నేలకు ఆనే భాగం కూడా మెలికపడి పైకి లేచేది.

మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకుని 1949లో మార్కెట్లోకి తెచ్చిన రేడియల్ టైరు ఈ బాధ తీర్చింది. దారాలను ఈ అంచు నుంచి ఆ అంచుకు సూటిగా వేసి, నేలకు ఆనే రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీ బిగించారు. పక్కగోడ ఎంత వంగినా అడుగు భాగం నేల మీద చదునుగా నిలిచింది. వేడి తగ్గింది, ఆయుష్షు పెరిగింది, పట్టు పెరిగింది. ‘ఆర్’ అంటే ఈ రేడియలే. మన కార్లు దాదాపు అన్నీ ఇవాళ రేడియల్స్ మీదే నడుస్తున్నాయి.

‘60’ అనే అంకె ఆ తర్వాతి అడుగు. టైరు వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో అది చెబుతుంది. 185 మిల్లీమీటర్ల వెడల్పులో 60 శాతం అంటే 111 మిల్లీమీటర్లు. పక్కగోడ పొట్టిదైనకొద్దీ స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే స్పందిస్తుంది. 1970లలో పిరెల్లీ పీ7ను పోర్షే 911 టర్బోకు తొడిగి ఈ శాతాన్ని ఏకంగా 50కి దించారు. అప్పటి నుంచి పొట్టి పక్కగోడ అంటే జోరైన కారు అనే పేరు స్థిరపడింది. దానికి మన రోడ్ల మీద కట్టాల్సిన మూల్యం ఉంది. గుంతలో పడితే దెబ్బ తినేది ముందు పక్కగోడ, ఆ తర్వాత అలాయ్ రిమ్ము.

‘84హెచ్’: బరువు, వేడి

84 అంటే సరైన గాలి ఉంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుందని అర్థం. ‘హెచ్’ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందని. టీకి 190, వీకి 240, డబ్ల్యూకి 270, వైకి 300. యూరప్‌లో ఎక్స్‌ప్రెస్ రోడ్లు, వాటి మీద పరుగెత్తే కార్లు పెరిగిన రోజుల్లో ఈ అక్షరాలు వాడుకలోకి వచ్చాయి. ఒకప్పుడు వీటిని సైజు మధ్యలోనే ‘హెచ్ఆర్’ అని కలిపి రాసేవారు.

మన ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లు. అలాంటప్పుడు 210తో మనకేం పని అనిపించవచ్చు. ఆ అక్షరం నిజంగా చెప్పేది వేడిని గురించి. నిర్ణీత బరువుతో ఆ వేగంలో తిరిగినా టైరు లోపలి బంధాలు విడిపోవని ప్రయోగశాలలో రుజువైందన్న హామీ అది. మే నెలలో మన తారు రోడ్డు, నిండా మనుషులు, డిక్కీలో సామాను, రెండు మూడు పాయింట్లు తగ్గిన గాలి, ఇవన్నీ కలిస్తే 120లోనే టైరు మితిమీరి వేడెక్కుతుంది. అందుకే కంపెనీ హెచ్ ఇచ్చిన చోట టీ వేయకూడదు. అలాగని వై కోసం డబ్బు పోయనవసరమూ లేదు. హెచ్ గానీ వీ గానీ చాలు.

వాన రోడ్డు మీద పట్టు

తొలినాళ్ల టైర్లు తెల్లగా ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరులో కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదల బాగా తగ్గుతుందని తేలాక నల్లబడ్డాయి. 1990లలో మిషెలిన్ దాని స్థానంలో చాలామేరకు సిలికా వాడడం మొదలుపెట్టింది. తడి రోడ్డు మీద పట్టు పెరిగింది, ఇంధనం ఆదా అయింది. అంతకుముందు ఈ రెండిటిలో ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చేది.

తడి పట్టు తెలుసుకునే వీలు టైరు మీదే ఉంది. అమెరికా ప్రభుత్వం 1970ల చివర్లో తెచ్చిన పద్ధతి ప్రకారం ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అనే మూడు గుర్తులు చాలా టైర్ల మీద ఉంటాయి. ట్రెడ్‌వేర్ అంకె కోసం టెక్సస్‌లోని సాన్ ఏంజెలో దగ్గర 400 మైళ్ల దారిలో 7,200 మైళ్లు నడిపి అరుగుదల కొలుస్తారు. అంకె పెద్దదైతే టైరు ఎక్కువకాలం మన్నుతుంది. కానీ గట్టి రబ్బరు సాధారణంగా పట్టు తక్కువ ఇస్తుంది. ట్రాక్షన్ పక్కన ఉండే ఏఏ, ఏ, బీ, సీ తడి రోడ్డు మీద బ్రేకింగ్‌కు ఇచ్చిన గ్రేడులు. మన దేశంలో 2011 నుంచి టైరుకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తడి పట్టు, దొర్లేటప్పటి నిరోధం, శబ్దం మీద ప్రమాణాలను కేంద్రం 2022లో ప్రకటించింది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో కార్లన్నీ ఒకే రకం హాంకూక్ టైర్ల మీద పరుగెత్తాయి. వానకూ ఎండకూ పనికొచ్చేలా గాళ్లున్న టైర్లవి. అంత వేగానికి అన్ని కాలాల టైరు సరిపోయినప్పుడు, మన కారుకు ఎండాకాలం పందెపు టైర్లు ఎందుకు?

ధర ఎలా దిగింది

ఒకప్పుడు జోరు కారుకు మంచి టైరు అంటే దిగుమతి సరుకే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చడంతో ఆ దారి ఇరుకైంది. అప్పటికే విదేశీ కంపెనీలు ఇక్కడ తయారీ మొదలుపెట్టాయి. యోకోహామా హర్యానాలోని బహదూర్‌గఢ్‌లో, కాంటినెంటల్ మీరట్ దగ్గర మోదీపురంలో కార్ల రేడియల్స్ చేస్తున్నాయి. అపోలో 2009లో నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టైన్‌ను కొని ఆ పేరుతో టైర్లను ఇక్కడా అమ్ముతోంది. 2020లో అప్పటి చిత్తూరు జిల్లా చిన్నపాండూరులో కొత్త ఫ్యాక్టరీ తెరిచింది. మన ఇంటి పక్కనే, ముంబై హైవే మీద సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ ఉంది. 2022 యూరోపియన్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఎఫ్రెన్ యారేనా విజేతగా నిలిచింది ఎమ్మారెఫ్ టైర్లతోనే. స్వదేశీ అంటే చవకబారు అనుకునే రోజులు పోయాయి. 2025 సెప్టెంబరులో టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కూడా కలిసొచ్చింది.

ఇక కొనేటప్పుడు

అసలు పొదుపు సైజులో ఉంది. 185/60 ఆర్15 ఫోక్స్‌వ్యాగన్ వెంటోకూ స్కోడా ర్యాపిడ్‌కూ సరిపోయే సైజు. అందుకే దాదాపు ప్రతి కంపెనీ దీన్ని చేస్తుంది, పోటీ వల్ల ధర అదుపులో ఉంటుంది. ఈ టైరు మొత్తం ఎత్తు 603 మిల్లీమీటర్లు. 16 అంగుళాల రిమ్ములకు మారి 205/50 వేసుకుంటే 611 అవుతుంది, తేడా ఒకటిన్నర శాతంలోపే కాబట్టి స్పీడోమీటరు పెద్దగా తప్పు చెప్పదు. కానీ కొత్త రిమ్ముల ఖర్చు, పొట్టి పక్కగోడకు గుంతల దెబ్బ అదనం. అదే డబ్బు పాత సైజులోనే మెరుగైన టైరుకు పెడితే కారు నడకలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

పక్కగోడ మీది డాట్ (DOT) గుర్తు వెంట ఉండే చివరి నాలుగు అంకెలు చూడాలి. 2325 అంటే 2025లో 23వ వారం చేసిన టైరు. డిస్కౌంటు మరీ ఎక్కువగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఈ అంకెలనే. ఏళ్ల తరబడి గోదాములో ఉన్న రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి ఉండాలి. రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించాలి. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తున్నా సరే. వాన నీటి మీద వెనక చక్రాలు జారితే కారును అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు చట్టప్రకారం పనికిరాదు. గాళ్ల మధ్య చిన్న దిమ్మెల్లా కనిపించే గుర్తులు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే ఆ హద్దు వచ్చేసినట్లే. జూన్ వానల ముందు అక్కడిదాకా ఆగడం తెలివైన పని కాదు. నీటిని పక్కకు తోసే శక్తి అంతకు ముందే తగ్గిపోతుంది.

ఐఎస్ఐ గుర్తు, కంపెనీ చెప్పిన సైజు, 84కు తగ్గని లోడు, హెచ్‌కు తగ్గని వేగం, ట్రాక్షన్ ఏ లేదా ఏఏ, ఏడాది దాటని తయారీ. ఈ ఆరూ సరిచూసుకున్నాక మిగిలినవాటిలో ధర తక్కువున్న టైరును నిశ్చింతగా తీసుకోవచ్చు. నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకుంటే ఆ టైరు తన ఆయుష్షంతా మనకు పని చేసి పెడుతుంది. కారు శక్తి ఎంతైనా అది నేలను చేరేది అరచేతంత మేర ఆనే ఈ రబ్బరు ద్వారానే. బేరం ఆ రబ్బరు నాణ్యత మీద కాకుండా దాని ధర మీదే చేయాలి.