పేరు తెలుగు, కథ ఎవరిది?

ఇంగ్లీషు చారిత్రక సాహస నవలలకు ఇక్కడి లైబ్రరీల్లో కొదవ లేదు. మన పిల్లలు వాటిని ఇష్టంగా చదువుతారు, చదవనివ్వాలి కూడా. అయితే ఆ కథల్లో తుపాకి పట్టుకుని దొర వెనక నడిచే సిపాయి ఎవరో పిల్లలకు చెప్పవలసిన వాళ్ళం మనమే.

1884లో హెంటీ రాసిన ‘విత్ క్లైవ్ ఇన్ ఇండియా’ సంగతే చూద్దాం. కథానాయకుడు చార్లీ మారియట్ అనే ఇంగ్లీషు కుర్రవాడు. అతని ఐరిష్ అనుచరుడు టిమ్ కెల్లీకి కూడా ఒక పేరూ, మాటతీరూ ఉన్నాయి. సిపాయిలు మాత్రం చాలామట్టుకు ఉత్త అంకెలు.

ఆ అంకెల్లో మనవాళ్ళున్నారు. 1756 చివర మద్రాసు నుంచి క్లైవు వెంట బెంగాలు వెళ్ళిన సిపాయిలను అక్కడివారు ‘తిలంగాలు’ అన్నారు. అంటే తెలుగుదేశపువాళ్ళని. 1757లో ప్లాసీ దగ్గర క్లైవు పక్షాన సుమారు 2,100 మంది సిపాయిలు నిలబడ్డారు. తరవాత దొరల పద్ధతిలో కవాతు నేర్చిన ప్రతి సిపాయికీ ఆ పేరే అంటుకుంది. 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిల్లో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాలవారు. అయినా ఢిల్లీ జనం వాళ్ళను కూడా తిలంగాలనే పిలిచారు.

ఈలోగా ఆ పేరు మోస్తున్న బెంగాలు సిపాయిలు తెలుగుగడ్డకే యుద్ధానికి వచ్చారు. 1758లో కర్నల్ ఫోర్డు వాళ్ళతో విశాఖపట్నంలో దిగి, విజయనగరం ఆనందరాజుతో కలిసి, డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారిని ఎదుర్కొన్నాడు. రెండు వైపులా సిపాయిలే ఎక్కువ. ఫోర్డు సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. వాళ్ళే ఇంగ్లీషు పటాలం అనుకుని ఫ్రెంచివారు వాళ్ళమీద విరుచుకుపడ్డారు. అసలు ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. సిపాయిలు చెదిరాక అది బయటికొచ్చి గెలిచింది. దెబ్బ తిన్నది ఒకరు, పేరు వచ్చింది మరొకరికి.

తప్పంతా హెంటీదే అనలేం. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని మనం తరతరాలుగా పాడుకుంటున్నాం. తాండ్ర పాపారాయుడు మనకు తెలుసు, బుస్సీ తెలుసు. బుస్సీ సైన్యంలో నిలబడ్డ దేశీ సిపాయి పేరు మనమూ అడగలేదు.

అతన్ని ద్రోహి అనడం తేలిక. నెలనెలా వచ్చే జీతం అతన్ని పటాలంలోకి లాగింది. సముద్రాలు దాటి పరాయి సంస్థల్లో కొలువు చేస్తున్న మనకు ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. మన కొలువులో ఇంకొకరి ప్రాణం తియ్యమని ఎవరూ అడగరు; అది మన అదృష్టం. అతను మాత్రం ప్రతి ఆజ్ఞకూ తల వంచాడా? 1780లో హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కమన్నప్పుడు విశాఖపట్నం సిపాయిలు ఎక్కమన్నారు, అధికారుల మీద తిరగబడ్డారు.

2015లో వచ్చిన ‘ఫ్లడ్ ఆఫ్ ఫైర్’లో అమితావ్ ఘోష్ హవల్దారు కేసరీ సింగును నల్లమందు యుద్ధపు కథకు ముఖ్యపాత్రల్లో ఒకణ్ణి చేశాడు. అతనికి ఇల్లుంది, ఊరుంది, భయముంది. మన తిలంగాకు కూడా అటువంటి కథ కావాలి. మీ ఇళ్ళలో పటాలం చేసిన పెద్దల ముచ్చట్లుంటే, గుర్తున్నంతవరకు రాసి ఉంచండి. ఆ నవల రాసే పిల్ల రేపు మన ఇంట్లోనే ఉండవచ్చు.